బ్రీత్ ఎనలైజర్‌లో సున్నా, మనిషి మాత్రం తూలుతున్నాడు: ఈ శిక్షణలో ఏం నేర్పుతారు?

ట్రాఫిక్‌లో కొత్త (ప్రశ్న):
నేను ట్రాఫిక్ విభాగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. రాత్రి తనిఖీల్లో అప్పుడప్పుడూ ఇలాంటి డ్రైవర్ తగులుతుంటాడు. కారు గీత దాటి అటూ ఇటూ పోతుంటుంది. ఆపితే మాట ముద్దగా వస్తుంది, లైసెన్స్ అడిగితే చేతిలో ఉన్నదాన్నే వెతుక్కుంటాడు. ఊదమంటే సున్నా. అలాంటి మనిషిని మళ్లీ రోడ్డు మీదకు వదలాలంటే భయం, ఆపేస్తే ఏ ఆధారంతో ఆపావని అడుగుతారని టెన్షన్. డ్రగ్స్ మత్తులో నడిపేవాళ్లను గుర్తించే శిక్షణకు త్వరలో నన్ను పంపుతున్నారు. కళ్లు చూస్తే తెలిసిపోతుందని సీనియర్లు అంటున్నారు. నిజమేనా? వెళ్లేముందు ఏం చూసుకోవాలి?

దారిన పోయేవాడు:
ఉమ్మి పరీక్షించే కిట్లు వచ్చాయి కదా, ఇంక మనుషులకు శిక్షణ ఎందుకు?

పాత ట్రైనర్:
కిట్ మంచిదే, కానీ అది చెప్పేది ఒక్కటే: ఫలానా పదార్థం ఒంట్లోకి వెళ్లింది. అదీ ఆ కిట్ పట్టుకోగల రకాలకే. ఈ మనిషి ఇప్పుడు బండి నడపగలడా లేదా అన్నది అది చెప్పలేదు. గంజాయి పొగ పీల్చాక రక్తంలో దాని మోతాదు చాలా త్వరగా పడిపోతుంది, మత్తు మాత్రం గంటలు ఉండొచ్చు. మద్యానికి పెట్టినట్టు ఒక అంకె పెట్టి తేల్చడం అందుకే కష్టం.

ఇక నీ ప్రశ్న, తమ్ముడూ. కళ్లు చూస్తే తెలిసిపోతుందన్న మాట నమ్మకు. డ్రగ్స్ మత్తును గుర్తించే ఈ పద్ధతి 1970ల్లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ పోలీసుల దగ్గర మొదలైంది. వాళ్లకూ నీ సమస్యే: డ్రైవర్ ఒంట్లో మద్యం లేదు, ఉన్నా కొంచెమే, మనిషి మాత్రం నిలబడలేడు. అలా మొదలైంది చివరికి 12 దశల పరీక్షగా స్థిరపడింది. దాన్ని చేసేవాళ్లనే డ్రగ్ రికగ్నిషన్ ఎక్స్‌పర్ట్ అంటారు. అందులో మత్తు పదార్థాలు 7 రకాలు. ప్రతి రకానికీ నాడి, బీపీ, కళ్లు, కండరాలు ఎలా మారతాయో నేర్పుతారు.

ఒక్క లక్షణం ఏమీ చెప్పదు, అన్నీ కలిపి చూడాలి. కళ్ల ముందు పెన్ను మెల్లగా పక్కకు జరిపితే కంటిగుడ్డు గెంతుతూ కదులుతుందా చూస్తాం. మద్యానికీ నిద్రమాత్రలకూ గెంతుతుంది, గంజాయికీ హెరాయిన్‌కూ ఆ గెంతు రాదు. హెరాయిన్ లాంటివాటికి కనుపాప సూదిమొనంత అవుతుంది, కొకైన్ లాంటివాటికి పెద్దదవుతుంది. కానీ రెండు రకాలు కలిపి తీసుకున్నవాడిలో ఒకదాని గుర్తును ఇంకొకటి కప్పేస్తుంది. కనుపాపను గది వెలుతురులో, దాదాపు పూర్తి చీకట్లో, నేరుగా లైటు వేసి, మూడు విధాలా కొలుస్తాం. నాడి కూడా మూడుసార్లు పట్టుకుంటాం, ఎందుకంటే పోలీసును చూసిన కంగారుకే ఎవరికైనా గుండె వేగంగా కొట్టుకుంటుంది. కాసేపటికి అది తగ్గిందా, అలాగే ఉందా అన్నదే అసలు విషయం.

పెన్ను పరీక్షను చులకనగా తీసుకునేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. మధ్య నుంచి చివరికి పెన్ను వెళ్లడానికి 2 సెకన్లు పట్టాలి, చివర కనీసం 4 సెకన్లు ఆపాలి. తొందరపడి గబగబా ఊపితే నువ్వు చూసినదానికి విలువే ఉండదు, ఎదుటివాడికి అన్యాయం జరుగుతుంది.

ఎమర్జెన్సీ వార్డు నర్స్:
ట్రైనర్ గారు చెప్పినదానికి ఇది కలుపుకోండి. షుగర్ బాగా పడిపోయిన మనిషి అచ్చం మత్తులో ఉన్నట్టే కనిపిస్తాడు. చెమటలు, వణుకు, తడబడే మాట, కొందరైతే తిట్టి మీదికొస్తారు. పక్షవాతం మొదలైనవాళ్లూ, తలకు దెబ్బ తగిలినవాళ్లూ అంతే. ఒక కనుపాప పెద్దదిగా, ఇంకొకటి చిన్నదిగా ఉన్నా, మూతి ఒక పక్కకు లాగినా పరీక్షలన్నీ ఆపేసి ఆసుపత్రికి తీసుకురండి. ఇలాంటివాళ్లను తాగుబోతులనుకుని పక్కన కూర్చోబెడితే, పోయిన ఆ సమయాన్ని మేం తిరిగి తేలేం. దయచేసి ముందు జబ్బేమో అనుకోండి, మత్తు సంగతి తరవాత.

ట్రాఫిక్‌లో కొత్త:
థాంక్స్ మేడమ్, ఇది నాకెవరూ చెప్పలేదు. సార్, డాక్టర్ రాసిన మాత్రలే వేసుకున్నానంటే ఏం చేయాలి? గీత మీద నడిపించే పరీక్షలో ముసలివాళ్లు ఎలాగూ తూలతారు కదా?

పాత ట్రైనర్:
మాత్ర ఎవరు రాశారన్నది ఒక ప్రశ్న, మనిషి నడపగలడా అన్నది వేరే ప్రశ్న. రాత్రి వేసుకున్న నిద్రమాత్ర పొద్దుటికి పూర్తిగా దిగకపోవచ్చు. కొన్ని జలుబు, అలర్జీ మందులూ మగత తెస్తాయి. ఏ మాత్ర, ఎంత, ఎప్పుడు వేసుకున్నారో మర్యాదగా అడిగి రాసుకో. ఆ మందుకు మీ చట్టం ఏం చెబుతుందో అక్కడి శిక్షణలోనే చెప్తారు.

నడక గురించి నీ అనుమానం సరైనదే. ఒక కాలి మడమకు రెండో కాలి వేలు తగిలేలా 9 అడుగులు, తిరిగి 9 అడుగులు. 65 దాటినవాళ్లకూ, నడుమో కాలో చెవి లోపలి భాగమో బాగాలేనివాళ్లకూ అది మత్తు లేకపోయినా కష్టమే. అందుకే మొదలుపెట్టే ముందే ఆ వివరాలు అడగాలి. ఎత్తు మడమల చెప్పులుంటే విప్పుకోమనాలి.

రాసేటప్పుడు 'మత్తులో తూలాడు' అని రాయకు. 'నాలుగో అడుగులో కుడికాలు గీత పక్కన పడింది, చేతులు చాచాడు' అని రాయి. నువ్వు చూసింది రాస్తే కోర్టులో నిలబడుతుంది, నువ్వు అనుకున్నది రాస్తే నిలబడదు. చివర్లో రక్తం లేదా మూత్రం ల్యాబ్‌కు వెళ్తుంది. నీ అంచనా అక్కడ తప్పని తేలినా దాచకుండా ఫైల్లో ఉండాలి.

వెళ్లేముందు పుస్తకాలు అక్కర్లేదు. ఇంట్లోవాళ్ల నాడి పట్టి చూడు, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఈ పరీక్షలో మామూలుగా లెక్కేసేది నిమిషానికి 60 నుంచి 90. గది వెలుతురులో వాళ్ల కనుపాపలు కొలువు, 2.5 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటాయి. లైటు ఆర్పితే 8.5 దాకా పెరగొచ్చు. పెన్ను కూడా వాళ్లతోనే సాధన చెయ్, సెకన్లు లెక్కపెట్టుకుంటూ.