పాత ఆవిరి ఇంజన్ల డ్రైవరుకు ఢిల్లీ రైలు మ్యూజియం నచ్చుతుందా?

ప్రశ్న (విజయవాడ నుంచి):
మా నాన్నగారు ఇక్కడి లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా (ఇంజనులో బొగ్గు వేసే పని) చేరి, ఆవిరి ఇంజన్లు ఉన్నన్నాళ్లూ వాటి మీదే పనిచేసి, చివరికి డీజిల్ డ్రైవరుగా పదవీ విరమణ చేశారు. ఇప్పుడు ఆయన వయసు 79. ఫిబ్రవరిలో ఢిల్లీ వెళ్తున్నాం కనుక చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియం చూపించాలని నా కోరిక. ఆయనేమో "నిప్పు లేని ఇంజనులో చూసేదేముందిరా" అంటున్నారు. మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ దూరం నడవలేరు. ఒక్క పూటలో అక్కడ తప్పక చూడవలసినవి ఏవి? మన ప్రాంతానికి సంబంధించినవి ఏమైనా ఉన్నాయా?

సమాధానం (సికింద్రాబాద్ నుంచి):
ఉన్నాయండీ. నిజాం రైల్వే 1914లో తెప్పించుకున్న జాన్ మోరిస్ అగ్నిమాపక వాహనం అక్కడే ఉంది. గాలి టైర్లు కాదు, గట్టి రబ్బరు చక్రాలు. మన హైదరాబాదు వస్తువును అంత దూరాన చూడటం నాకైతే మనసుకు పట్టింది.

తరువాత పటియాలా మోనోరైలు దగ్గర కాసేపు కూర్చోబెట్టండి. 1907లో మొదలై, 1927లో ఆగిపోయిన ఈ రైలుకు ఉన్నది ఒక్కటే పట్టా. బరువు దాదాపుగా అంతా ఆ పట్టా మీదే మోపి, బండి ఒరిగిపోకుండా ఒక పక్కన పెద్ద చక్రాన్ని నేల మీద దొర్లించేవారు. అందువల్ల మామూలు రోడ్డు అంచున ఒక పట్టా పరిస్తే సరిపోయేది. మొదట్లో వీటిని కంచరగాడిదలు లాగేవి; ఆ తరువాత బెర్లిన్‌లో తయారైన ఆవిరి ఇంజన్లు వచ్చాయి. పనికిరాని సామానుగా పడి ఉన్న ఇంజనును దశాబ్దాల తరువాత గుర్తించి, అమృత్‌సర్ వర్క్‌షాపులో బాగుచేసి మళ్లీ నడిచేలా చేశారు. ఒక ఇంజనును కాపాడటమంటే రంగులు వేసి నిలబెట్టడం కాదని నేను నమ్మేది ఇలాంటివి చూసే. మ్యూజియంకు సోమవారం సెలవు, గుర్తుంచుకోండి.

సమాధానం (విశాఖపట్నం నుంచి):
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒకటి చెప్పాలి. ఢిల్లీలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వారి గారట్ ఇంజను తప్పక చూపించండి. హౌరా వైపు నుంచి వాల్తేరు (మా విశాఖ) దాకా ఒకప్పుడు ఆ కంపెనీ బండ్లే వచ్చేవి. ముందొక చక్రాల జట్టు, వెనకొక జట్టు, మధ్యలో వేలాడే బాయిలరు. అంత పొడవున్నా మలుపుల్లో చక్కగా వంగుతుంది.

అయితే మీ నాన్నగారు అడుగుతున్నది నిప్పు గురించి. ఆయనను రేవారి తీసుకువెళ్లండి. ఢిల్లీకి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న, 1893 నాటి ఆ ఆవిరి షెడ్డును హెరిటేజ్ కేంద్రంగా నిలిపారు. 1855లో లీడ్స్‌లో తయారై, 1997లో మళ్లీ పట్టాలెక్కిన ఫెయిరీ క్వీన్ అనే ఆవిరి ఇంజను ఇప్పుడు అక్కడే ఉంది. తూటా ముక్కులాంటి మూతి గల డబ్ల్యూపీ రకం (ప్యాసింజరు బండ్లు లాగేది) ఇంజను 'అక్బర్' కూడా ఉంది. ఆయన తరం వారికి ఆ మూతిని పరిచయం చేయనక్కరలేదు. రోజూ ఆవిరి పెట్టరు కనుక ఏ రోజు ఇంజను వెలిగిస్తారో ముందుగా అడిగి తెలుసుకుని బయలుదేరండి. నడక తక్కువ కావాలనుకుంటే ఢిల్లీలో ఒక గంట తగ్గించుకోవచ్చు గానీ రేవారిని మానుకోవద్దు.

ప్రశ్న అడిగినవారి జవాబు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రేవారి సంగతి చదివి వినిపించగానే నాన్నగారు పేపరు పక్కన పెట్టేశారు. బాయిలరులో నీటి మట్టం చూపే గేజ్‌గ్లాసులో నీళ్లు ఎంత మట్టానికి తగ్గితే బొగ్గు మండే ఫైర్‌బాక్సు పైకప్పులోని సీసం బిరడా కరిగిపోతుందో, అప్పుడు ఆవిరి నిప్పు మీదికి ఎలా దూసుకొస్తుందో రెండు వేళ్లు ఎడంగా పట్టి మా అబ్బాయికి చూపించారు. ఆపైన "అక్బర్‌కు గేజ్‌గ్లాసు సరిగ్గా ఉందేమో అడుగు" అన్నారు. ఇంజను వెలిగించే రోజు కనుక్కుని, దాన్నిబట్టే రైలు టికెట్లు తీసుకుంటాను. మ్యూజియంను ఆ మర్నాడో ముందురోజో, సోమవారం కాకుండా పెట్టుకుంటాం.