మాజీ సైనికుల కుటుంబాలకు, ఆర్మీకి తయారయ్యే పిల్లలకు పని చేయాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న – హన్మకొండ

అందరికీ వందనాలు. ఎంఎస్‌డబ్ల్యూ అయిపోయింది, మా సంఘంలో యూత్ బాధ్యత నాదే. దేవుడు నన్ను ఈ పనికే పిలిచాడని నమ్ముతున్నా. మాజీ సైనికులు, భర్త పోయిన వాళ్ల ఇల్లాళ్లు, సెలక్షన్లకు ఉరికే ఊరి పిల్లలు. వీళ్లకోసం పనిచేయడమే నా ఉద్యోగంగా పెట్టుకోవాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ తప్పులు జరుగుతాయి?

జవాబు – కాజీపేట, పెన్షన్ కాగితాల పని

చెల్లెమ్మా, ముందు కాగితం చదవడం నేర్చుకో. డిశ్చార్జి బుక్కు (సైన్యం వదిలేటప్పుడు ఇచ్చే పుస్తకం), పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు), ఆధార్, పాన్, పాస్‌బుక్కు ఐదూ పక్కపక్కన పెట్టి, భార్య పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చి చూడు. డిశ్చార్జి బుక్కులో లచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మి. ఒకదాంట్లో పుట్టింటి పేరు, ఇంకోదాంట్లో అత్తింటి పేరు. మాజీ సైనికుడు బతికుండగానే ఇది దిద్దించాలి. అఫిడవిట్‌తో దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకు పోవాలి. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఈఎంఈ (సైన్యంలో మెకానిక్ పనులు చూసే విభాగం) అయితే మన సికింద్రాబాదే. అక్కడ పార్ట్-2 ఆర్డర్ (రికార్డులో మార్పు నమోదు చేసే ఉత్తర్వు) పడితేనే పీపీఓ మారుతుంది. ఆయన పోయాక అయితే పైసా రాని రోజుల్లో ఆమె ఒక్కతే తిరగాల్సి వస్తుంది.

రెండోది పెన్షన్‌దారు బతికే ఉన్నారని ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్. పత్తి ఏరి, మిర్చి తెంపిన చేతులకు వేలిముద్ర పడదు. మిషన్ మీద పదిసార్లు నొక్కించి పెద్దమ్మను ఏడిపించొద్దు. ఫోన్లో ఈ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు, ముఖం చూసి గుర్తుపట్టే ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకుని, వెలుతురు ముఖం మీద పడేటట్టు కూర్చోబెట్టి, కండ్లు ఆర్పమంటే చాలు. పెన్షన్ ఇచ్చే సంస్థ దగ్గర స్పర్శ్ (రక్షణ శాఖ ఆన్‌లైన్ పెన్షన్ వ్యవస్థ) అని ఉన్నదే ఎంచుకోవాలి, నంబరు కూడా స్పర్శ్ పీపీఓదే వేయాలి. పాత బ్యాంకు పేరు పెడితే సర్టిఫికెట్ వచ్చినట్టే కనబడుతుంది, పెన్షన్ మాత్రం ఆగుతుంది. వారం పోయాక స్పర్శ్‌లో చూసి, తీసుకున్నారని తేలాకే వదిలెయ్.

ఇంకొకటి. పెద్దాయన పోయాక కొడుకులు ఏటీఎం కార్డుతో డబ్బులు తీస్తుంటారు. అదంతా తర్వాత ఆమె ఫ్యామిలీ పెన్షన్‌లోంచి కోసుకుంటారు. మరణం వెంటనే స్పర్శ్‌లో తెలపాలని ముందే ఇంటిల్లిపాదికీ చెప్పిపెట్టు.

పెన్షన్ లేని హవల్దారు, అంతకన్నా కింది ర్యాంకు వాళ్లకు 65 ఏళ్లు దాటితే కేంద్రీయ సైనిక బోర్డు సాయం ఉంది. 2025 నవంబరు 1 నుంచి నెలకు 4,000 కాస్తా 8,000 అయింది. డిశ్చార్జి బుక్కు అన్ని పేజీలూ స్కాన్ చేయాలి, ఖాళీవి కూడా. ఒక్క పేజీ తప్పినా వెనక్కి వస్తుంది.

జవాబు – హన్మకొండ, ఫిజికల్ ట్రైనింగ్

అక్కా, పిల్లల సంగతి. అగ్నివీర్‌లో, అంటే నాలుగేళ్ల ఆర్మీ భర్తీలో, 2023 నుంచి ఆన్‌లైన్ పరీక్షే ముందు, పరుగు తర్వాత. మనోళ్లు ఇంకా తిరగేసి తయారవుతున్నారు. జనరల్ డ్యూటీకి 50 ప్రశ్నలు, తప్పుకు అర మార్కు కోత. 2025 నుంచి తెలుగులోనూ రాయొచ్చు.

1600 మీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో ఉరికితే 60 మార్కులు, 10 పుల్‌అప్స్‌కు 40. 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకు 82 సెకన్లు అన్నమాట. మొదటి రౌండు 70లో కొట్టినోడు మూడో రౌండులో చతికిలబడతాడు. అందుకే విజిల్ పట్టుకుని ప్రతి రౌండూ 82కే రప్పించు. సీసీ రోడ్డు మీద, అరిగిన బూట్లతో ఉరికితే ముంగాలు ఎముక నొప్పి పట్టుకుంటుంది, మట్టి మీదికి మార్చు. పుల్‌అప్‌కు చేతులు పూర్తిగా చాచకపోతే లెక్కపెట్టరు. పచ్చబొట్టు ముంజేతి లోపలివైపు, అరచేతి వెనుక తప్ప ఇంకెక్కడున్నా చిక్కే. ఈ పచ్చబొట్టు నియమంలో గిరిజన పిల్లలకు సడలింపు ఉంది.

"లోపల మనోళ్లున్నారు" అని పైసలడిగేటోళ్లను నమ్మొద్దని మొదటిరోజే తల్లిదండ్రులకు చెప్పు.

జవాబు – వరంగల్, సేవా సంస్థల పని

సిస్టర్, ప్రార్థన మీ బలం, అది అట్లాగే ఉండనివ్వండి. కానీ దరఖాస్తు నింపే బల్ల దగ్గర మతం మాట తేవద్దు. వచ్చే ఆమె అవసరంలో ఉంది, కాదనే స్థితిలో లేదు. అడిగితే తప్ప ప్రార్థన చేయకపోవడమే ఆమెకు ఇచ్చే గౌరవం.

సంఘం ఖాతాలో ఈ పని డబ్బులు కలపొద్దు. ఏడుగురితో సొసైటీ రిజిస్టర్ చేసి వేరే ఖాతా తెరవండి. విదేశాల్లో ఉన్న విశ్వాసులు డాలర్లు పంపుతామంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి వచ్చేదాకా వద్దనండి. మామూలుగా దానికి మూడేళ్ల పని, 15 లక్షల ఖర్చు చూపాలి. 18 నిండని పిల్లలతో ఒంటరిగా కూర్చోవద్దు, ఇంకొక పెద్దమనిషి ఉండాలి. పిల్లల మీద లైంగిక వేధింపు తెలిస్తే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి, సంఘ పెద్దలతో సర్దుబాటు కుదరదు. నిద్రలేని మాజీ సైనికుడికి, సెలెక్ట్ కాక కుంగిన పిల్లగాడికి టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సాయం నంబరు 14416 ఇవ్వండి, తెలుగులో మాట్లాడతారు.

ప్రశ్న అడిగినవారు

డిశ్చార్జి బుక్కే పోయినవాళ్లకు ఏం చేయాలి అన్నా?

కాజీపేట

పోయిందని పోలీస్ స్టేషన్‌లో రాయించి, ఆ నకలు, అఫిడవిట్ జతచేసి సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డు ఆఫీసుకు పంపు, డూప్లికేట్ ఇస్తారు. ఆర్మీ నంబరు తెలియకపోతే పాత క్యాంటీన్ కార్డు, ట్రంకు పెట్టె మూత వెతికించు. చాలామంది నంబరు పెట్టె మీదే తెల్ల రంగుతో రాసి ఉంచుతారు.