అప్‌డేట్: పార్లర్‌లో ఏ నెయిల్ సర్వీసులు పెట్టాలో తేల్చుకున్నా

వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఇంటి ముందుగదిలో పార్లర్ నడుపుతున్నాను, నెయిల్స్‌లో జెల్ పాలిష్ (ల్యాంప్ వెలుగులో గట్టిపడే పాలిష్) పెట్టాలా, యాక్రిలిక్ ఎక్స్‌టెన్షన్లు (పౌడర్, లిక్విడ్ కలిపి గోళ్లని పొడుగు చేసేవి) పెట్టాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగింది నేనే. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

"కిట్ కొనకముందు నీ దగ్గరికొచ్చేవాళ్లనే అడుగు" అని సలహా ఇచ్చిన అక్క మాటే పనికొచ్చింది. నెల రోజులు త్రెడింగ్‌కి వచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగి నోట్‌బుక్‌లో రాసుకున్నా. అంట్లు తోముకుని, పిండి కలుపుకునే చేతులు, పొడుగు గోళ్లు ఎవరికీ వద్దట! పెళ్లికూతుళ్లకి తప్ప. అందుకని మానిక్యూర్, పెడిక్యూర్, జెల్ పాలిష్, దాన్ని తీసే రిమూవల్ (దీనికీ విడిగా డబ్బులు తీసుకుంటున్నా, మొదట మొహమాటపడ్డాను). పెళ్లిళ్లకి ప్రెస్ ఆన్ గోళ్లు (రెడీమేడ్‌గా వచ్చే, అంటించుకునే గోళ్లు). ఇవే పెట్టా. యాక్రిలిక్ వదిలేశా. ఒకే కిటికీ ఉన్న గదిలో ఆ లిక్విడ్ వాసన భరించలేం, మా అత్తయ్య ఒక్కరోజుకే చేతులెత్తేసింది.

ఇంకోటి. ప్రాక్టీసులో జెల్ నాలుగు రోజులకే లేచిపోతుంటే వైజాగ్ ఉక్కపోత వల్లేమో అనుకున్నా, ల్యాంప్ పవర్ చాలట్లేదేమోనని ఎక్కువ వాట్లది కూడా చూశా. రెండూ కాదు. ట్రైనర్ మేడమ్ చూసి, గోరు మీద అంటుకున్న సన్నని చర్మం పొర నేను సరిగ్గా తీయట్లేదని చెప్పారు. జెల్ పక్క చర్మానికి తగిలినా, ల్యాంప్ కింద సరిగ్గా క్యూర్ కాకపోయినా (గట్టిపడకపోయినా) అలర్జీ రావచ్చని, ఆ జెల్ కంపెనీ చెప్పిన ల్యాంపే వాడమని గట్టిగా చెప్పారు. ఇప్పుడు రెండు వారాలు నిలుస్తోంది.