నాన్న పద్యాల సీడీలు: ఫ్లాక్ చేయాలా, ఎంపీత్రీ చాలా?

చీమకుర్తి కుర్రాడు:
నాన్న దాచుకున్న సీడీలు డెబ్బై దాకా ఉన్నాయి. సగం పద్యనాటకాలు, మిగతావి కచేరీలు. కొన్ని కంపెనీవి, కొన్ని ఒంగోల్లో ఒక షాపులో రాయించుకొచ్చినవి. మా ఊళ్లో గ్రానైట్ దుమ్ము బీరువాలోకి కూడా వస్తుంది. నాన్న పోయి రెండేళ్లయింది. మొన్న సంక్రాంతికి ఒకటి వేస్తే, పద్యం చివర రాగం తీస్తుండగా టకటకమని ఆగిపోయింది. అమ్మ ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్లింది. అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేయాలి. 320 కేబీపీఎస్ ఎంపీత్రీ చాలా? తమ్ముడు కారులో పెన్‌డ్రైవ్ పెట్టి వింటాడు.

నెల్లూరు శ్రోత:
తమ్ముడూ, ముందు ఫ్లాకే చెయ్యి, అది ధ్వనిలో ఏమీ పోకుండా కుదించే ఫైలు రకం. సీడీలో ఉన్నది 16 బిట్, 44.1 కిలోహెర్ట్‌జ్, ఫ్లాక్‌లో అందులో ఒక్క బిట్టూ పోదు, సైజు మాత్రం దాదాపు సగానికి తగ్గుతుంది. డెబ్బై సీడీలకు పాతిక జీబీ చుట్టూ అవుతుంది, అంతే. ఎంత గట్టిగా కుదించాలో చెప్పే కంప్రెషన్ లెవెల్ 5 అయినా 8 అయినా ధ్వని ఒకటే, టెన్షన్ వద్దు. కారుకు కావాల్సిన ఎంపీత్రీలు ఎప్పుడైనా ఫ్లాక్ నుంచి చేసుకోవచ్చు. ఎంపీత్రీలో పోయింది మాత్రం మళ్లీ రాదు.

అన్నిటికంటే ముందు షాపులో రాయించినవి తీయి. వాటిలో డేటా ఉండేది రంగు పొరలో. ఎండకు, వేడికి అది పాడవుతుంది. కంపెనీ సీడీలు ఇంకొన్నాళ్లు ఆగుతాయి.

కావలి నుంచి:
ఒక్క సీడీలో వంద పాటలుంటే అది ఎంపీత్రీ డిస్క్. దాన్ని ఫ్లాక్ చేసినా లాభం లేదు, ఫైళ్లు కాపీ చేసుకోండి చాలు. మిగతావాటికి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్ వాడండి, తప్పులు పట్టుకునేలా జాగ్రత్తగా చదివే సెక్యూర్ మోడ్‌లో. అందులోని యాక్యురేట్‌రిప్, మీ డ్రైవ్ చదివినదాన్ని అదే సీడీ నుంచి ఇతరులకు వచ్చినదానితో ఆన్‌లైన్‌లో పోల్చి చెబుతుంది. షాపు సీడీలు అందులో దొరకవు కాబట్టి టెస్ట్ అండ్ కాపీ నొక్కండి, ట్రాక్‌ను రెండుసార్లు చదువుతుంది. చదివిన డేటాను బట్టి వచ్చే తనిఖీ సంఖ్యలు, అంటే సీఆర్‌సీలు, రెండూ ఒకటేనా చూడండి.

తుడిచేటప్పుడు మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే గీత ట్రాక్ వెంబడే పడుతుంది, డ్రైవ్ సరిదిద్దుకోలేదు.

చీమకుర్తి కుర్రాడు:
మెత్తటి గుడ్డ తడిపి, మీరు చెప్పినట్టే నేరుగా తుడిచాను. నిన్న రాత్రి ఆ పద్యం పూర్తిగా వచ్చింది, సీఆర్‌సీలు రెండూ కలిశాయి. అమ్మ రెండుసార్లు పెట్టించుకుని వింది. ఇంకో సీడీలో ఏడో ట్రాక్ మాత్రం కలవడం లేదు. రేపు ఫ్రెండ్ దగ్గర వేరే డ్రైవ్ తెచ్చి చూస్తాను.