నగల దగ్గర అక్షరార్థం, రొట్టె దగ్గర అలంకారమా?

పాలకొల్లు సిస్టర్:
అందరికీ వందనాలండి. నా పుట్టిల్లు లూథరన్, అత్తవారిది పెంతెకొస్తు సంఘం. బల్లలో (ప్రభువు రాత్రి భోజనం, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం) పాలుపొందాలంటే మెడలో బంగారం తీయాలన్నారు, తీసేశాను. మొన్న అమ్మ వాళ్లింటికి వెళ్తే “మీకు అక్షరం తప్ప అర్థం పట్టదు” అన్నారు. ఇక్కడేమో “మీ వాళ్లు వాక్యాన్ని నీరుగార్చేశారు” అంటున్నారు. ఇంతకీ బైబిల్‌ని ఉన్నదున్నట్టు తీసుకునేది ఏ సంఘమండి?

కాకినాడ బాప్టిస్టు:
సిస్టర్, అంతా అక్షరాలా తీసుకునే సంఘం ఒక్కటీ లేదు. అంతా అలంకారమనే సంఘం మన డెల్టాలో నేనైతే చూడలేదు. ఎక్కడ అక్షరం పట్టుకోవాలి, ఎక్కడ వదలాలి అన్న దగ్గరే తేడాలన్నీ.

రొట్టె విరిచి ఇస్తూ యేసు “ఇది నా శరీరము” (మత్తయి 26:26) అన్న మాటే చూడండి. ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు అక్షరాలా శరీరమే అంటారు, 1551లో వాళ్ల ట్రెంట్ మహాసభ అదే ఖాయం చేసింది. 1529లో జర్మనీలోని మార్బర్గ్‌లో, స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీతో వాదనకు కూర్చున్నప్పుడు, మీ పుట్టింటి సంఘానికి మూలపురుషుడైన లూథర్ ఈ మాటనే సుద్దముక్కతో బల్ల మీద రాసుకుని, దాన్నుంచి కదలనన్నాడు. రొట్టె రొట్టెగానే ఉంటుంది కానీ క్రీస్తు శరీరం అందులో నిజంగా ఉంటుందని ఆయన బోధ. జ్వింగ్లీ అది గుర్తు అన్నాడు. ఇవాళ మా బాప్టిస్టులు, బ్రదరన్ వాళ్లు, చాలామంది పెంతెకొస్తు వాళ్లు ఈ విషయంలో జ్వింగ్లీ వైపే. అంటే ఆరు రోజుల సృష్టినీ క్రీస్తు వెయ్యేళ్ల పాలననీ అక్షరాలా నమ్మేవాళ్లే ఇక్కడికొచ్చేసరికి అలంకారం అంటున్నారు. ఆరు రోజుల మీద అంత పట్టు పట్టని ఆర్‌సీఎం వాళ్లు ఇక్కడ అక్షరం వదలరు. ఆ రోజులు మన రోజుల్లాంటివి కావని 5వ శతాబ్దంలోనే సంఘ పండితుడు అగస్టీను రాశాడు. డార్విన్‌కి భయపడి చెప్పిన మాట కాదది.

ఇక నగలు. 1 పేతురు 3:3 పూర్తిగా చదవండి. జడలు అల్లుకోవడం, బంగారు నగలు పెట్టుకోవడం, వస్త్రాలు ధరించడం, మూడూ ఒకే వరసలో ఉన్నాయి. ఆదివారం మందిరంలో ఆడవాళ్ల వైపు చూడండి. మెడ బోసిగా ఉంటుంది, చెవులకు దుద్దులుండవు, ముసుగేసుకున్న కొంగు కింద నుంచి జడ మాత్రం వేలాడుతూ ఉంటుంది. ఆ జడ విప్పమని ఎవరూ అనరు. మీరు ఇష్టపడి బంగారం తీస్తే అది మీ భక్తి, దాన్ని గౌరవిస్తాను. కానీ మూడింట్లో ఒక్కటే ఏరుకుని, అది పాటించని మనిషిని బల్లకు దూరం పెడుతుంటే నాకు బాధేస్తుంది. ఆ భారం ఎప్పుడూ ఆడవాళ్ల మీదే పడుతోంది.

నరసాపురం బ్రదరన్:
బ్రదర్, మిషనరీలు బౌడెన్, బీర్ దొరలు 1836లో ఇండియా వచ్చి ఈ డెల్టాలో సువార్త మొదలుపెట్టినప్పటి నుంచి మా పెద్దలు వాక్యాన్నే పట్టుకుని నిలబడ్డారు. ఒక్కొక్కటీ అలంకారం అంటూ పోతే రేపు పునరుత్థానమూ అలంకారమే అంటారు. ఏటిగట్టుకి చిన్న గండి చాలు, ఊళ్లు మునగడానికి. ఇంకొకటి, రొట్టె విరవడం మాకు తేలికైన పని కాదు. “నన్ను జ్ఞాపకము చేసికొనుటకై” అని ప్రభువే అన్నాడు, మేం ఆ మాటను అక్షరాలా చేస్తున్నాం.

కాకినాడ బాప్టిస్టు:
జ్ఞాపకం గురించి మీరన్నది బలమైన మాట. లూథర్‌కీ ఎవరో ఒకరు ఆ జవాబే చెప్పాలి. గండి మాటే ఒప్పుకోలేను. 1 కొరింథీ 15లో పౌలు పునరుత్థానాన్ని ఉపమానంలా చెప్పలేదు. క్రీస్తు కేఫాకు (పేతురుకు) కనబడ్డాడు, పన్నెండుగురికి కనబడ్డాడు, ఐదు వందల మందికి పైగా చూశారు, వాళ్లలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారు అంటూ సాక్షుల్ని నిలబెట్టాడు. “నేనే ద్వారమును” అన్న మాటకి సాక్షులు అక్కర్లేదు కదా. కీర్తనని కీర్తనలా, ఉత్తరాన్ని ఉత్తరంలా చదవమంటున్నాను, అంతే. కుడికన్ను అభ్యంతరపరిస్తే పెరికేయమన్నాడు ప్రభువు. మీ సంఘంలో ఎవరూ పెరుక్కోలేదు, అయినా మీ విశ్వాసం కొట్టుకుపోలేదు. “పవిత్రమైన ముద్దు పెట్టుకొని” వందనాలు చేయమని రోమా 16:16లో ఉంటే మనమంతా చేతులు జోడించి సరిపెట్టుకుంటున్నాం.

సిస్టర్, మీ కాపరిగారితో వాదన పెట్టుకోకండి. ఉపవాస ప్రార్థన అయ్యాక ఆ మూడో వచనం, దాని కింద లోపలి స్వభావం గురించి చెప్పే నాలుగో వచనం కలిపి చదివించండి. జడ సంగతేమిటని మర్యాదగా అడగండి. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి, వింటాం.