ఆటల్లో, ఇంటి పనుల్లో బైబిల్ వాక్యం చెప్తే పిల్లలకు విశ్వాసం అందుతుందా, విసుగు పుడుతుందా?

మూడో_బెంచీ:
ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమంటుంది ద్వితీయోపదేశకాండము 6:7. దీన్ని చూపించి కొందరు కుటుంబ ప్రార్థన మానేసి, "మేం రోజంతా, ఆటల్లో కూడా నేర్పుతున్నాం" అంటున్నారు. నా దృష్టిలో అది చాలాసార్లు సాకే. పైగా ఓడిన ప్రతిసారీ ఒక వచనం అతికిస్తే పిల్లవాడికి ఆట మీదా, వాక్యం మీదా మొహం మొత్తుతుంది. కాదనేవాళ్లు పద్ధతి చెప్పండి, గొప్పలు వద్దు.

గోల్‌కీపర్:
6:7కి ముందు 6:6 ఉందండీ: ఆ మాటలు ముందు పెద్దవాళ్ల హృదయంలో ఉండాలి. కిందకి 6:20కి వెళ్తే కొడుకే అడుగుతాడు, ఈ కట్టడలు (దేవుని ఆజ్ఞలు) ఏమిటని. నిర్గమకాండము 12:26, యెహోషువ 4:6 కూడా చూడండి. పెద్దలు ఒకటి చేస్తారు, పిల్లలు ఎందుకని అడుగుతారు, అప్పుడు జవాబు. మనం ప్రశ్న పుట్టకముందే జవాబు చెప్పేస్తాం. విసుగు మొదలయ్యేది అక్కడే.

పద్ధతి అడిగారు కాబట్టి ఒకటి. అంపైర్ లేని టెన్నిస్‌లో మన వైపు పడిన బంతికి మనమే తీర్పు చెప్పాలి. అవుట్ అని కచ్చితంగా చెప్పలేకపోతే అది ఇన్ కిందే లెక్క. పిల్లలతో ఆడుతూ, గేమ్ పాయింట్ దగ్గర అనుమానపు బంతిని నాన్న ఎదుటివాళ్లకు ఇచ్చేస్తే ఆ రోజు పాఠం అయిపోయినట్టే. "ఎందుకిచ్చావు?" అంటే ఒక్క వాక్యంలో చెప్పండి. అడగలేదా, ఊరుకోండి.

సండేస్కూల్_టీచర్:
ఎప్పుడు చెప్పకూడదో కూడా తెలియాలి. ఓడిపోయి వస్తున్న పిల్లవాడికి దారిలో ఉపదేశం వద్దు. నీళ్లివ్వండి, "నువ్వు ఆడుతుంటే చూడటం బాగుంది" అనండి, అంతే. మ్యాచ్ మాట వాడు ఎత్తేదాకా ఆగాలి. ఒంట్లో ఉడుకు తగ్గకముందు చెప్పిన వచనం వాడికి శిక్షలా వినిపిస్తుంది.

మ్యాచ్ ముందు "ప్రభువా, మమ్మల్ని గెలిపించు" అనే ప్రార్థన ఇంకా చిక్కు. ఓడితే, దేవుడు అవతలి జట్టు పక్షాన ఉన్నాడని వాడే తేల్చుకుంటాడు. మూడు వాక్యాలు చాలు: రెండు జట్లకూ దెబ్బలు తగలకుండా కాపాడు, కోపం వస్తే నోరు అదుపులో ఉంచు, ఆడగల ఒళ్లు ఇచ్చినందుకు వందనాలు. అర నిమిషం కూడా పట్టదు.

నీళ్ల సీసాల మీద ఫిలిప్పీయులకు 4:13 అంటిస్తారు, "సమస్తమును చేయగలను" అని. 11, 12 వచనాలతో కలిపి చదివించండి. పౌలు బంధకాల్లో ఉండి, ఆకలైనా సమృద్ధైనా తట్టుకోవడం నేర్చుకున్నానని రాశాడు. ఆ వచనం ఓడిన రోజుకే ఎక్కువ పనికొస్తుంది.

మూడో_బెంచీ:
ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ "ఒక్క వాక్యం" ఎక్కణ్నుంచి వస్తుంది? ఇంట్లో బైబిల్ తెరవకపోతే నాన్న దగ్గర ఉండేది "మంచిగా ఉండు" అన్న నీతి ఒక్కటే. అది చెప్పడానికి సువార్త అక్కర్లేదు. మార్కు సువార్త 16 అధ్యాయాలు, 678 వచనాలు. రాత్రికి ఎనిమిది చొప్పున చదివితే మూడు నెలల లోపే పూర్తి. చదవడానికి రెండు మూడు నిమిషాలు, పిల్లల నుంచి ఒక ప్రశ్న, వాళ్ల మాటల్లోనే ప్రార్థన. పది నిమిషాలు దాటనివ్వకండి. దాటితే రెండో వారానికే అటకెక్కుతుంది.

విజిల్:
అందులో నాకు తగువు లేదు. కానీ ఆట వేరు, భక్తి వేరు అనే గీత అంత పాతదేం కాదు. 1891లో బాస్కెట్‌బాల్ పుట్టింది అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ (యువకుల క్రైస్తవ సంఘం) శిక్షణ పాఠశాలలో. దాన్ని కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వేదాంతం చదువుకున్నవాడు. ఆయన రాసిన 13 నియమాల్లో బైబిల్ వచనం ఒక్కటీ లేదు. కానీ ఐదోది చూడండి: భుజంతో గుద్దడం, పట్టుకోవడం, నెట్టడం, కాలు అడ్డం పెట్టడం నిషిద్ధం. రెండోసారి చేస్తే తర్వాతి గోల్ పడేదాకా బయటే. గాయపరిచే ఉద్దేశం స్పష్టంగా కనిపిస్తే ఆట మొత్తానికీ బయటే. ఉపన్యాసం ఇవ్వలేదు, విలువను నియమంలో పెట్టాడు. ఇంటి ఆటకీ అలా పెట్టుకోవచ్చు: పడగొట్టినవాడే చెయ్యిచ్చి లేపాలి, గొడవొస్తే ఆ పాయింట్ మళ్లీ ఆడాలి. ఈ నియమాలు పెద్దవాళ్లకీ వర్తించాలి. అంపైర్ మీద అరిచిన నాన్న పిల్లల ముందే వెళ్లి క్షమాపణ అడగాలి. చాలా ఇళ్లలో పద్ధతి తప్పేది ఇక్కడే.

ఇంకో మాట, కోచ్‌లుగా ఉన్న విశ్వాసులకు. జట్టులో వేరే ఇళ్ల పిల్లలుంటే ప్రార్థనలో నిలబెట్టకండి. ఎవరు ఆడాలో నిర్ణయించేది మీరే, కాబట్టి "ఇష్టమైతేనే రా" అన్నా అది వాళ్లకు ఇష్టంలా ఉండదు. మీ పిల్లలతో ఇంటి దగ్గర చేసుకోండి.

గోల్‌కీపర్:
ఒప్పుకుంటాను. మరి ఆదివారం ఉదయం మ్యాచ్‌ల సంగతి? సాయంత్రం ఆరాధనకు వెళ్తే సరిపోతుందని నా అభిప్రాయం.

మూడో_బెంచీ:
ఎప్పుడో ఒకసారైతే సరే. సీజన్ అంతా అదే అయితే ఇంట్లో దేనికి మొదటి స్థానమో పిల్లలకు అర్థమైపోతుంది. స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్ ఆదివారం పరుగెత్తనని 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లు వదులుకున్నాడు కదా.

విజిల్:
ఆ ఉదాహరణ పూర్తిగా చెప్పండి. 100 మీటర్ల హీట్లు (తొలి దశ పరుగులు) ఆదివారమని ఆయనకు నెలల ముందే తెలుసు, ముందే చెప్పాడు. 400 మీటర్లకు సాధన చేసి 47.6 సెకన్లలో స్వర్ణం గెలిచాడు. మనవాళ్లు ఫైనల్ ముందు రోజు రాత్రి కోచ్‌కి ఫోన్ చేస్తారు. మిగతా పిల్లలకు అది అన్యాయం. ఫీజు కట్టకముందే షెడ్యూల్ అడగండి. ఏ ఆదివారాలు రాలేరో రాసివ్వండి, దాని వల్ల బెంచీ మీద కూర్చోవాల్సి రావచ్చని పిల్లవాడికీ ముందే చెప్పండి. షెడ్యూల్ చూడకుండా మాటిచ్చేసి ఉంటే, ఈ సీజన్ ముగించి వచ్చేసారి మానండి. నష్టం కలిగినా మాట తప్పనివాడి గురించి కీర్తన 15:4లో ఉంది.

మూడో_బెంచీ:
చివరి మాటకి మాత్రం ఒప్పుకోను. తెలియక ఇచ్చిన మాట నుంచి విడిపించమని కోచ్‌ని ముందే వెళ్లి అడగొచ్చు. సామెతలు 6:1-5 చెప్పేది అదే.