గాలానికి పడ్డ పెద్ద చేపకు గుర్తింపు ఎవరివ్వాలి, ఏం చూసి ఇవ్వాలి?

చిత్రకొండ తమ్ముడు
అందరికీ నమస్కారం. మాది మల్కాన్‌గిరి జిల్లా. మా పెద్దనాన్నగారి అబ్బాయికి బలిమెల రిజర్వాయరులో చేతి గాలానికి పెద్ద బొచ్చె పడింది. రేవులో చేపలు కొనే ఆయన కాటా మీద 26 కిలోలు దాటింది. ఇద్దరు పట్టి లేపితే గానీ లేవలేదు. ఫోటోలు ఇటు మోటు నుంచి అటు సీలేరు దాకా అందరి ఫోన్లలో తిరిగాయి.

ఇంత చేపకు రికార్డుగా గుర్తింపు తెచ్చుకుందామని తిరిగాం. ఒక ఆఫీసులో అలాంటి రిజిస్టరే తమ దగ్గర లేదన్నారు. ఫోన్లో దొరికిన ఇంకొకాయన డబ్బు కడితే షీల్డు, సర్టిఫికెట్ కొరియర్ చేస్తానన్నాడు. ఎవరు తూచారు, ఏ కాటా మీద తూచారు అని ఒక్క మాట అడగలేదు. నాకది నచ్చలేదు. అన్నయ్య మాత్రం ఏదో ఒకటి గోడకు తగిలించుకుందాం అంటున్నాడు.

అసలు ఇలాంటి చేపకు గుర్తింపు ఎవరివ్వాలి? చేతి గాలంతో పట్టినవాడికి కూడా ఇవ్వాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

జయపురం రాడ్
తమ్ముడూ, డబ్బు కట్టి తెచ్చుకునే షీల్డు జోలికి పోవద్దు. చేప రికార్డు విషయంలో లోకమంతా ఒప్పుకునేది ఐజీఎఫ్ఏ పట్టిక, అంటే ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్. 1939లో మొదలైంది, ఆఫీసు అమెరికాలోని ఫ్లోరిడాలో ఉంది. మన దగ్గర పట్టిన చేపకైనా అప్లై చేసుకోవచ్చు. అమెరికా బయట పట్టిన చేపకు 90 రోజుల్లోపు కాగితాలు అందాలి.

వాళ్ల పద్ధతి తెలిస్తే ఆ పట్టికకు అంత విలువ ఎందుకో అర్థమవుతుంది. చేప గాలానికి తగిలిన దగ్గర్నుంచి రాడ్ మీద గానీ, రీలు మీద గానీ, దారం మీద గానీ ఇంకొకరి చెయ్యి పడకూడదు. చివర్లో లీడర్ (గాలానికి ముందుండే దారం ముక్క) అందాక చేతి వలతో ఎత్తడానికి మాత్రం పక్కవాళ్లు సాయం చేయొచ్చు. పడవలో తూచింది చెల్లదు, నేల మీదే తూచాలి. ఆ కాటాకు గడిచిన 12 నెలల్లో అధికారిక తనిఖీ జరిగి ఉండాలి. చేప మొత్తం కనిపించే ఫోటో, రాడ్‌, రీలు ఫోటో, తూచిన కాటా ఫోటో, పట్టినవాడు చేపతో ఉన్న ఫోటో, ఇవన్నీ కావాలి. వాడిన దారం కూడా కొంత కోసి పంపాలి.

ఇంకో సంగతి. 25 పౌండ్లు, అంటే దాదాపు 11.3 కిలోలు దాటిన చేపైతే పాత రికార్డు మీద కనీసం అర శాతం ఎక్కువ తూగాలి. 26 కిలోల మీద అర శాతం అంటే 130 గ్రాములు. రేవులో వేలాడే స్ప్రింగ్ కాటా మీద చేప కొట్టుకుంటుంటే, ముల్లు ఊగుతుంటే, ఆ 130 గ్రాములు ఉన్నాయో లేవో ఎవరు చెప్పగలరు?

మీ అన్నయ్యది చేతి గాలం అన్నావు. తాడు చేత్తో లాగి పట్టింది వాళ్ల లెక్కలోకి రాదు. వినడానికి బాధగా ఉంటుంది. కానీ రూలు రూలే. ఎవరికి వాళ్లు సడలించుకుంటూ పోతే చివరికి ఆ షీల్డు అమ్మేవాడి దగ్గరికే చేరతాం.

సిరొంచ ఒడ్డు
రూలు రూలే అంటున్నారు కాబట్టి అడుగుతున్నా అన్నా, అది ఎవరిని దృష్టిలో పెట్టుకుని రాసిన రూలు?

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట మావాళ్లు తాతల కాలం నుంచి చేతి గాలమే వేస్తున్నారు. తాడు చూపుడు వేలి మీదుగా నీళ్లలోకి దిగుతుంది. వాలుగ ఎర అందుకుంటే ముందు చిన్న గుంజు, ఆ తర్వాత ఒక్కసారిగా బరువు. తాడు వదలాలా, బిగించాలా అన్నది ఆ క్షణంలో వేలే తేల్చుకోవాలి. వదిలితే చేప రాళ్లలోకి దూరిపోతుంది, బిగిస్తే తాడు తెగుతుంది. మీ రీలులో డ్రాగ్ ఉంటుంది కదా, చేప గట్టిగా గుంజినప్పుడు దానంతటదే దారం వదులుతుంది. మా దగ్గర ఆ పని చేసేది మనిషి చర్మం. మా మేనమామ కుడి చేతి చూపుడు వేలికి అడ్డంగా గాడి పడిపోయింది. చలికాలంలో అది పగిలి రక్తం వస్తే గుడ్డ పీలిక చుట్టుకుని మళ్లీ రాత్రికి పుట్టి ఎక్కుతాడు.

ఆయన పట్టిన వాలుగకు పేరు లేదు. అదే నీళ్లలో పట్నం నుంచి వచ్చినాయన రాడ్‌తో పట్టిన దానికి సర్టిఫికెట్ వస్తుంది. చేప ఎక్కడ తిరుగుతుందో, ఏ మడుగులో ఎప్పుడు ఎరకు వస్తుందో ఆయనకు చూపించింది కూడా మావాళ్లే. రీలు కొనగలిగినవాడికి రికార్డు, తాడు పట్టినవాడికి కూర. ఇది న్యాయం అని నన్ను ఒప్పుకోమనకండి.

జయపురం రాడ్
మీ మేనమామ కష్టాన్ని నేను తక్కువ చేయలేదు. ఆయన పనితనం నాకు రాదు కూడా. నేననేది పోలిక గురించి. ఐజీఎఫ్ఏ దారం ఎంత బలానికి తెగుతుందో చూసి విడివిడి తరగతులు పెట్టింది. సన్న దారంతో పట్టినవాడిని మోకుతో లాగినవాడి పక్కన నిలబెట్టకూడదనే కదా. చేతి గాలానికి ఆ లెక్క ఎలా కడతారు? రాత్రి పుట్టిలో ఒక్కడే లాగాడా, పక్కవాడు చెయ్యి వేశాడా, ఎవరు చూశారు? రేపు ఎవరో వలకు పడ్డ చేప మూతికి గాలం గుచ్చి తెస్తే ఎలా కాదంటారు?

బల్లార్షా వాసి
అలా గుచ్చి తెచ్చేవాడు పక్కన రాడ్ పెట్టుకుని కూడా ఫోటో దిగగలడు. మోసాన్ని ఆపాల్సింది సాక్షులు, రాడ్ కాదు.

రాయగడ మాస్టారు
అబ్బాయిలూ, మీరు గాలం దగ్గరే ఆగిపోయారు. నాకు చేప గురించి చెప్పాలనుంది.

26 కిలోల బొచ్చె అంటే మామూలు సంగతి కాదు. ఈ జాతిలో పుస్తకాల్లోకి ఎక్కిన గరిష్ఠ బరువు 38.6 కిలోలు. ఆడ బొచ్చెకు కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు ఉండొచ్చు. అంటే పెద్ద ఆడచేప ఒక్కటి ఒక్క వానాకాలంలో పెట్టే గుడ్లు లక్షల్లో ఉంటాయి. అలాంటి చేపనే ఏరి చంపినవాడికి బహుమతి ఇస్తే ఏటిని ఖాళీ చేసుకోమని మనమే చెప్పినట్టు. వాలుగను ఐయూసీఎన్, అంటే ప్రకృతి పరిరక్షణ చూసే అంతర్జాతీయ సంస్థ, ఇప్పటికే ముప్పు ఉన్న జాతుల్లో చేర్చింది. నదుల్లో బాగా పెద్దగా పెరిగే మహసీర్ చేప సంగతి ఇంకా తీవ్రం. ఒడిశా రాష్ట్ర చేప మహానది మహసీరే. కావేరి వైపు ఉండే మూపురం మహసీర్ 2018లో తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. ఒకప్పుడు వేటగాళ్లు 120 పౌండ్ల చేపతో ఫోటోలు దిగిన జాతి అది.

జయపురం బాబు చెప్పని మాట ఒకటుంది. ఐజీఎఫ్ఏ 2011 నుంచి పొడవు రికార్డులు కూడా ఇస్తోంది. వాళ్లు ఒప్పుకున్న కొలబద్ద మీద చేపను పడుకోబెట్టి, ఫోటో తీసి, ప్రాణంతో నీళ్లలో వదలాలి. చంపితే ఆ రికార్డు రాదు. నా ఓటు దానికే.

బరువు ఎంతుంటుందో తెలుసుకోవాలన్న కోరికుంటే దానికీ దారుంది. లావైన చోట చుట్టుకొలతను దానితోనే గుణించి, దాన్ని మళ్లీ పొడవుతో గుణించండి. అన్నీ సెంటీమీటర్లలోనే. వచ్చినదాన్ని 28,900తో భాగిస్తే దాదాపు కిలోలు వస్తాయి. పొడవు 95, చుట్టుకొలత 80 అయితే 21 కిలోల దగ్గర తేలుతుంది. ఇది రికార్డుకు పనికిరాదు. బొచ్చెలాంటి ఎత్తు వీపు చేపకు తేడా కూడా రావచ్చు. మన తృప్తికి చాలు.

వదిలేటప్పుడు కూడా పద్ధతి ఉంది. పొడి చేత్తో ముట్టుకుంటే ఒంటి మీది జిగురు పోతుంది, తర్వాత పుండ్లు పడతాయి. చెయ్యి తడుపుకోవాలి. మొప్పల్లో వేళ్లు పెట్టి వేలాడదీయకూడదు. కొలబద్దను ముందే నీళ్లతో తడపాలి. మే నెలలో మల్కాన్‌గిరి ఎండకు కాలిన రేకు మీద పడుకోబెడితే వదిలినా బతకదు. వేసవిలో నీళ్లలో ఆక్సిజన్ కూడా తక్కువే ఉంటుంది. అలసిన పెద్ద చేప తేరుకోవడం కష్టం. ఆ ఎండల రోజుల్లో పెద్ద చేపల కోసం గాలమే వేయకపోతే ఇంకా మంచిది.

మోటు గట్టు
మాస్టారూ, మీ మాట కాదనను. కానీ 26 కిలోలంటే కిలో రెండొందలు వేసుకున్నా ఐదు వేలు దాటుతుంది. గాలమే బతుకుతెరువైనవాడిని అది వదిలేసి ఫోటో తెచ్చుకోమంటారా? మా వదిన వినాలి ఈ మాట! చదువుకున్నవాళ్లకు వదలడం సరదా, మాకు ఆ రాత్రి కూలి. పొడవు రికార్డు మాత్రమే ఉంచితే అది మళ్లీ డబ్బున్నవాళ్లకే పోతుంది.

సిరొంచ ఒడ్డు
అదే నా మాట కూడా.

రాయగడ మాస్టారు
మోటు బాబూ, అమ్ముకోవద్దని నేననలేదు. బతకడానికి పట్టుకోండి, అమ్ముకోండి. బహుమతి మాత్రం చంపినందుకు ఇవ్వొద్దు. ఈ రెండూ వేరు.

పర్లాకిమిడి వకీలు
ఒక ముఖ్యమైన విషయం అందరూ దాటేస్తున్నారు. ఎంత పెద్ద చేపైనా ముందు చట్ట ప్రకారం పట్టి ఉండాలి. ఐజీఎఫ్ఏ కూడా స్థానిక చట్టాన్ని మీరి పట్టినదాన్ని ఒప్పుకోదు. అభయారణ్యాల నీళ్లలో, చేపపిల్లలు పెంచే కేంద్రాల నీళ్లలో పట్టినదాన్నీ తీసుకోదు. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం కాలం నుంచే నేరం. రిజర్వాయరులో వేట హక్కు ఎవరికుందో, గాలానికి పర్మిషన్ కావాలో అక్కరలేదో ముందు అడిగి తెలుసుకోండి. గుర్తింపు కోసం ఫోటో పెట్టి కేసు తెచ్చుకోకూడదు.

రిజర్వాయరులో చేపపిల్లలు వదులుతారు కాబట్టి అది పెంపుడు చేపే అని కొందరు అంటారు. దానికీ జవాబు ఉంది. ఐజీఎఫ్ఏ లెక్కలో ప్రైవేటు చెరువులు, తొట్లలో పెంచి పట్టినవి చెల్లవు. నదులు, సరస్సులు, రిజర్వాయర్లు చెల్లుతాయి.

రాయగడ మాస్టారు
వకీలుగారు మంచి మాట అందించారు. హైపోఫిసిస్ (మెదడు కింద ఉండే చిన్న గ్రంథి) సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి బొచ్చెలాంటి చేపల చేత గుడ్లు పెట్టించడం మన ఒడిశాలోనే, అంగుల్‌లో, 1957 జూలై 10న డాక్టర్ హీరాలాల్ చౌధురి సాధించారు. జాతీయ మత్స్య రైతుల దినోత్సవం అందుకే ఆ రోజున జరుపుతారు. ఇవాళ రిజర్వాయర్లలో వదిలే పిల్లలు ఆ పని నుంచి వచ్చినవే. అంత చేసిన నేల మీద పెద్ద చేప పడితే రాసుకోవడానికి ఒక పుస్తకం లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంది.

చిత్రకొండ తమ్ముడు
అందరికీ ధన్యవాదాలు. షీల్డు వద్దని అన్నయ్యకు గట్టిగా చెప్పాను, ఒప్పుకున్నాడు. ఐజీఎఫ్ఏకు పంపే వీలు లేదు. చేతి గాలం ఒకటి, ఆ కాటాకు ముద్ర ఉందో లేదో కూడా తెలియదు.

ఇప్పుడు నా ఆలోచన చెబుతాను. రేవులోనే ఒక రిజిస్టరు పెడదాం. తూనికలు కొలతల శాఖ ఏటా ముద్ర వేసే ఎలక్ట్రానిక్ కాటా ఒకటి, మాస్టారు చెప్పినట్టు తడిపి వాడే కొలబద్ద ఒకటి. పట్టినవాడు చేపను వదిలితే పొడవు రాస్తాం, అమ్ముకుంటే బరువు రాస్తాం. రాడ్‌కు, చేతి గాలానికి, వలకు వేర్వేరు పేజీలు. బహుమతి ఉంటే వదిలినవాళ్ల పేజీకే. పేరు మాత్రం అందరిదీ ఉంటుంది.

జయపురం రాడ్
వేర్వేరు పేజీలంటే నాకు అభ్యంతరం లేదు. కానీ చేతి గాలం పేజీని రికార్డు అనొద్దు, రేవు లెక్క అనండి. సాక్షులు ఇద్దరుండాలి, వాళ్లలో ఒకరు పట్టినవాడి ఇంటివాళ్లు కాకూడదు. కాటా ముద్ర తేదీ ప్రతి పేజీ పైన రాయాలి. ఇవి ఒప్పుకుంటే కొలబద్ద నేను చేయించి పంపుతా.

సిరొంచ ఒడ్డు
సాక్షులు, కాటా తేదీ, అన్నిటికీ సరే. రికార్డు అనొద్దన్న మాటకు మాత్రం ఒప్పుకోను. మా వైపు నేను మొదలుపెట్టే పుస్తకంలో చేతి గాలం పేజీ మీద రికార్డు అనే రాస్తాను. తాడు ఎన్ని పేటలో, ఎంత మందమో రాసే గడి కూడా పెడతాను. మీరడిగిన పోలికకు అది చాలుతుందో లేదో చూసి చెప్పండి.